స్ట్రాఫర్డ్ ప్రభువు: జీవితం, విచారణ

ఈ పాఠం ఎందుకు?

ఈ పాఠం చదివాక 17వ శతాబ్దపు ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ మధ్య వచ్చిన తగాదా ఏమిటో మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు. అభిశంసన అంటే ఏమిటి, అటెయిండర్ బిల్లు అంటే ఏమిటి, రెండింటికీ తేడా ఏమిటి అన్నది వివరించగలుగుతారు. ఆ, ఈ, ఏ అనే త్రికాల వాడుకను గుర్తించగలుగుతారు.

పాఠం కొంచెం పెద్దది. ఒకేసారి పూర్తి చేయాలని తొందరపడకండి. ప్రశ్నలు వచ్చిన చోట ఆగి, జవాబులు నోటుపుస్తకంలో రాసుకుని ముందుకు వెళ్లండి. పేర్లు మీకు కొత్తగా ఉంటాయి. వాటిని రెండుసార్లు గట్టిగా పైకి చదివితే నోరు తిరుగుతుంది.

చదవబోయే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఒక అధికారి ఉన్నాడు. పనిమంతుడే గాని కఠినుడు, పొగరుబోతు. జిల్లా మొత్తానికి అతనంటే కంటగింపు. ఒకనాడు అతని మీద కేసు వచ్చింది. అతను చెడ్డవాడా కాదా అన్నది ఒక ప్రశ్న. చట్టం ప్రకారం నేరం చేశాడా లేదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలనూ మనం ఎంత తరచుగా కలిపేస్తామో మీకు తెలుసు. 1641లో ఇంగ్లండు పార్లమెంటు ముందు సరిగ్గా ఇదే చిక్కు వచ్చి పడింది.

1. దేశం, కాలం

మన కథానాయకుడి అసలు పేరు థామస్ వెంట్‌వర్త్. స్ట్రాఫర్డ్ ఎర్ల్ అన్నది చివరి రోజుల్లో వచ్చిన బిరుదు. ఎర్ల్ అంటే ప్రభువుల అంతస్తుల్లో పై వరుసకు చెందిన ఒక హోదా.

కాలం మనసుకు పట్టాలంటే ఒక గుర్తు పెట్టుకోండి. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది 1611లో. వెంట్‌వర్త్‌కు సర్ బిరుదు వచ్చిందీ, పెళ్లి అయిందీ ఆ ఏడే. 1640లో అతను ఎర్ల్ అయ్యేనాటికి మద్రాసులో సెయింట్ జార్జి కోట కడుతున్నారు. అంటే, తరువాత మన దేశాన్ని ఏలిన ఆంగ్లేయులు అప్పటికి తమ దేశాన్ని ఎవరు ఏలాలో ఇంకా తేల్చుకోలేదన్న మాట.

అప్పటి రాజు మొదటి చార్లెస్. 1625లో గద్దెనెక్కాడు. పార్లమెంటులో రెండు సభలు. ఒకటి ప్రభువుల సభ, రెండోది ఎన్నికైన సభ్యుల కామన్స్ సభ. ఈ సభలను ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు ఇంటికి పంపాలో రాజు ఇష్టం. కాని కొత్త పన్ను వేయాలంటే సభల ఒప్పుదల కావాలి. రాజుకు డబ్బు కావలసినప్పుడల్లా సభ్యులు తమ బాధలు ముందు తీర్చమనేవారు. తగాదా అంతా ఇక్కడే మొదలయింది.

2. రాజును ఎదిరించిన సభ్యుడు

వెంట్‌వర్త్ 1593 ఏప్రిల్ 13న లండనులో పుట్టాడు. వాళ్లది ఉత్తరాన యార్క్‌షైరులో పేరున్న భూస్వామ్య కుటుంబం. కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు, లండనులో న్యాయశాస్త్రం నేర్చుకున్నాడు. 1614లో యార్క్‌షైరు తరఫున కామన్స్ సభకు వెళ్లాడు. ఆ ఏడే తండ్రి పోవడంతో ఇంటి భారమంతా అతని మీద పడింది.

చార్లెస్ రాజయిన కొత్తలో పెత్తనమంతా బకింగ్‌హామ్ డ్యూక్‌ది. అతను నడిపించిన యుద్ధాలు వరసగా బెడిసికొట్టాయి. డబ్బు మాత్రం నీళ్లలా పోయింది. వెంట్‌వర్త్ ఇది నచ్చక గట్టిగా మాట్లాడాడు. సభలో అతని నోరు మూయించడానికి రాజు ఒక ఉపాయం పన్నాడు. 1625లో అతన్ని యార్క్‌షైరుకు షరీఫుగా వేశాడు. షరీఫు తన జిల్లా వదలకూడదు, సభలో కూర్చోకూడదు. పేరుకు పదవి, నిజానికి సంకెల!

1627లో రాజు పార్లమెంటుతో పని లేకుండా నిర్బంధ రుణం వసూలు చేయించాడు. వెంట్‌వర్త్ ఇవ్వనన్నాడు. కొంతకాలం నిర్బంధంలో గడిపాడు. 1628లో మళ్లీ సభకు వచ్చి, సభ ఒప్పుదల లేని వసూళ్లనూ కారణం చెప్పని నిర్బంధాలనూ ఆపడానికి జరిగిన ప్రయత్నంలో ముందు నిలబడ్డాడు. దాని ఫలితమే పిటిషన్ ఆఫ్ రైట్ అనే హక్కుల వినతిపత్రం. 1628 జూన్‌లో రాజు దానికి ఒప్పుకోక తప్పలేదు.

ఆగి చెప్పండి:
(అ) వెంట్‌వర్త్‌ను షరీఫుగా వేయడం వెనుక రాజు ఉద్దేశం ఏమిటి?
(ఆ) నిర్బంధ రుణానికీ మామూలు పన్నుకూ తేడా ఏమిటి?

3. కండువా మార్చాడా?

1628 జూలైలో, వినతిపత్రం సిరా ఆరకముందే, వెంట్‌వర్త్ రాజు చేతి మీదుగా బ్యారన్ బిరుదు పుచ్చుకున్నాడు. ఆగస్టులో బకింగ్‌హామ్ హత్యకు గురయ్యాడు. ఏడాది చివరికి వెంట్‌వర్త్ వైకౌంట్ అయ్యాడు. యార్క్‌లో కూర్చుని ఉత్తర ఇంగ్లండును పాలించే కౌన్సిల్‌కు అధ్యక్షుడయ్యాడు. మరుసటి ఏడు ప్రివీ కౌన్సిల్‌లో చోటు దొరికింది.

పాత స్నేహితులు ద్రోహి అన్నారు. మీరూ అలాగే అనుకుంటే తప్పు పట్టలేం. అయితే అతని మాటలను వరసగా చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. రాజుకు అధికారం ఉండకూడదని అతను ఎన్నడూ అనలేదు. అధికారం చేతకానివాళ్ల చేతిలో పడిందన్నది అతని కోపం. తన చేతికి వచ్చాక ఆ కోపం పోయింది. ఇది పూర్తి సమర్థన కాదు. కారాగారం రుచి చూసినవాడే తరువాత ఇతరులను కారాగారంలో పెట్టించాడు.

4. ఐర్లండులో

1632లో అతన్ని ఐర్లండుకు రాజప్రతినిధిగా నియమించారు. 1633 వేసవిలో డబ్లిన్ చేరుకున్నాడు. ఐర్లండు అప్పుడు మూడు ముక్కల సంసారం. ఐరిష్ కథోలికులు, పూర్వం వలస వచ్చిన పాత ఇంగ్లీషు కథోలికులు, కొత్తగా వచ్చి భూములు పోగేసుకున్న ఇంగ్లీషు, స్కాట్ ప్రొటెస్టెంట్లు. ఈ మూడు వర్గాలకూ ఒకరంటే ఒకరికి పడదు. ఏడేళ్లు తిరిగేసరికి ముగ్గురూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. అది వెంట్‌వర్త్ మీద ద్వేషం.

అతని పని గురించి ముందు మంచి చెప్పుకుందాం. సముద్రపు దొంగల బెడద తగ్గించాడు. సుంకాల రాబడి బాగా పెంచాడు. అవిసె సాగునూ నార బట్టల నేతనూ ప్రోత్సహించాడు. అవిసె విత్తనాలు హాలండు నుంచి తెప్పించాడు. జీతాలందక అధ్వానంగా ఉన్న సైన్యాన్ని దారికి తెచ్చాడు. ఆర్చిబిషప్ లాడ్ అతని ఆప్తమిత్రుడు. మొగమాటాలు లేకుండా, సగంలో ఆపకుండా పని జరిపించాలన్న తమ పద్ధతికి వాళ్లిద్దరూ ఉత్తరాల్లో పెట్టుకున్న పేరు ‘థరో’.

ఇక రెండో వైపు. 1634లో ఐరిష్ పార్లమెంటును పిలిచి, ముందు డబ్బు మంజూరు చేయించుకున్నాడు. కథోలికులకు రాజు లోగడ వాగ్దానం చేసిన రాయితీల్లో, భూమి హక్కులకు సంబంధించిన ముఖ్యమైనవాటిని ఆ తరువాత ఇవ్వనన్నాడు. 1635లో కానాక్ట్ ప్రాంతపు భూములు నిజానికి రాజువే అని జ్యూరీల చేత చెప్పించడానికి పూనుకున్నాడు. మూడు జిల్లాల జ్యూరీలు లొంగిపోయాయి. గాల్వే జ్యూరీ కాదన్నది. వెంటనే జ్యూరీ సభ్యులకు భారీ జరిమానాలు, వాళ్లను ఎంపిక చేసిన షరీఫుకు చెర! తీర్పు నచ్చకపోతే తీర్పు చెప్పినవాళ్లనే శిక్షించడం ఎక్కడి న్యాయం? పైగా సుంకాల కౌలులో అతనికి సొంత వాటా కూడా ఉంది. సర్కారు రాబడితో పాటు అతని రాబడీ పెరిగింది.

మౌంట్‌నారిస్ ప్రభువు సంగతి వింటే మనిషి స్వభావం మీకే తెలుస్తుంది. వెంట్‌వర్త్‌కు గౌటు అనే కీళ్లజబ్బు ఉండేది. ఒకసారి మౌంట్‌నారిస్ బంధువొకడు పీట జరుపుతూ దాన్ని అతని నొప్పికాలు మీద పడేశాడు. ఆ మాట విందులో వచ్చినప్పుడు మౌంట్‌నారిస్, అది పగ తీర్చుకోవడం అయ్యుంటుందనీ, తన తమ్ముడైతే ఇంత చిన్న పగతో సరిపెట్టుకోడనీ అన్నాడు. మౌంట్‌నారిస్ ఖజానా అధికారే గాక సైన్యంలో కెప్టెన్ కూడా. ఆ వంకతో 1635 డిసెంబరులో సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టి అతనికి మరణశిక్ష వేయించారు! శిక్ష అమలు చేయలేదు, చేసే ఉద్దేశమూ లేదు. పదవి మాత్రం ఊడింది. భోజనాల దగ్గర నోరు జారిన ఒక్క మాటకు మరణశిక్ష. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఆగి చెప్పండి:
(ఇ) గాల్వే జ్యూరీకి ఏమి జరిగింది? ఎందుకు?
(ఈ) ఐర్లండులో వెంట్‌వర్త్ చేసిన పనుల్లో మీకు మంచిదనిపించిన ఒకటి, చెడ్డదనిపించిన ఒకటి రాయండి. కారణం కూడా రాయండి.

5. పతనం

చార్లెస్ 1629 నుంచి పార్లమెంటు పిలవకుండానే నెట్టుకొస్తున్నాడు. 1637లో స్కాట్లండు మీద కొత్త ప్రార్థన పుస్తకం రుద్దబోతే అక్కడివాళ్లు తిరగబడ్డారు. యుద్ధమంటే డబ్బు. రాజు 1639లో వెంట్‌వర్త్‌ను రప్పించుకున్నాడు. 1640 జనవరిలో స్ట్రాఫర్డ్ ఎర్ల్‌ను చేశాడు. ఇకమీదట మనమూ స్ట్రాఫర్డ్ అనే పిలుద్దాం.

స్ట్రాఫర్డ్ సలహా మీదే ఏప్రిల్‌లో పార్లమెంటు పిలిచారు. మూడు వారాలకే, మే 5న, రాజు దాన్ని రద్దు చేశాడు. ఆ రోజే రాజు ఆంతరంగికులతో సమావేశమయ్యాడు. అందులో స్ట్రాఫర్డ్ ఒక మాట అన్నాడట. రాజుకు ఐర్లండులో సైన్యం ఉందనీ, ఈ రాజ్యాన్ని లొంగదీయడానికి దాన్ని ఇక్కడ వాడుకోవచ్చనీ దాని సారం. కార్యదర్శి సర్ హెన్రీ వేన్ దాన్ని కాగితం మీద రాసుకున్నాడు.

ఆగస్టు చివర స్కాట్ సైన్యం న్యూబర్న్ దగ్గర ఇంగ్లీషు సైన్యాన్ని ఓడించి ఉత్తర జిల్లాల్లో తిష్ఠ వేసింది. దాని ఖర్చుకు రోజుకు 850 పౌండ్లు ఇస్తామని రాజు ఒప్పుకోవలసి వచ్చింది. చేతిలో కాసు లేదు. నవంబరు 3న మళ్లీ పార్లమెంటు సమావేశమయింది. కామన్స్ సభకు నాయకుడు జాన్ పిమ్. నవంబరు 11న పిమ్ ప్రభువుల సభకు వెళ్లి, కామన్స్ తరఫున స్ట్రాఫర్డ్ మీద రాజద్రోహ నేరం మోపాడు. ఆ కబురు విని స్ట్రాఫర్డ్ సభకు వచ్చి తన స్థానం వైపు నడిచాడు. బయటికి పొమ్మన్నారు. తిరిగి పిలిచి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, అరెస్టు చేస్తున్నట్లు చెప్పారు.

6. విచారణ

కింది సభ నేరం మోపితే పై సభ న్యాయస్థానమై విచారించడమే అభిశంసన. ఇందులో సాక్ష్యం కావాలి, వాదం కావాలి, నిందితుడికి జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి.

1641 మార్చి 22న లండనులోని వెస్ట్‌మినిస్టర్ హాలులో విచారణ మొదలయింది. ఆరోపణలు 28. హాలు కిక్కిరిసింది. రాజు తెర చాటున కూర్చుని వినాలన్నది ఏర్పాటు. చార్లెస్ ఆ తెర తనే లాగిపారేసి అందరికీ కనబడేలా కూర్చున్నాడు. చెక్ దేశపు చిత్రకారుడు హోలార్ చెక్కిన ఆనాటి హాలు దృశ్యం నేటికీ ఉంది.

చిక్కు ఎక్కడ వచ్చిందో జాగ్రత్తగా చదవండి. 1352 నాటి చట్టం ప్రకారం రాజద్రోహం అంటే ముఖ్యంగా రాజు చావును కోరడం, రాజు మీద యుద్ధం చేయడం వంటివి. స్ట్రాఫర్డ్ చేసినదంతా రాజు కోసం, రాజు ఇష్టంతో! మరి రాజుకు ద్రోహం ఎలా అవుతుంది? దేశపు మౌలిక చట్టాలను కూలదోయడం కూడా రాజద్రోహమే, విడివిడిగా చూస్తే చిన్నవైన పనులన్నీ కలిపితే ఆ పెద్ద నేరం అవుతుంది అని పిమ్ వర్గం వాదించింది. స్ట్రాఫర్డ్ జబ్బుతో ఉండి కూడా రోజుల తరబడి ఒక్కొక్క ఆరోపణకూ తానే జవాబు చెప్పాడు. ఏ ఒక్కటీ రాజద్రోహం కానప్పుడు అన్నీ కలిస్తే రాజద్రోహం ఎలా అవుతుందని అడిగాడు. ఇది నేరమని ముందుగా ఎక్కడా చెప్పనిదానికి మనిషిని చంపితే రేపు ఎవరికి రక్షణ అని అక్కడ కూర్చున్న ప్రభువులనే అడిగాడు. ప్రభువులు ఆలోచనలో పడ్డారు.

చివరికి అంతా వేన్ రాసుకున్న ఆ మాట మీదికి వచ్చింది. ‘ఈ రాజ్యం’ అంటే ఏ రాజ్యం? తిరగబడిన స్కాట్లండా, ఇంగ్లండా? ఇంగ్లండే అంటే, ఇంగ్లీషువాళ్ల మీదికి ఐరిష్ సైన్యాన్ని తెచ్చే కుట్ర అవుతుంది. స్కాట్లండు గురించి మాట్లాడుతున్న సమావేశంలో స్కాట్లండే అని స్ట్రాఫర్డ్ వాదం. అక్కడున్న మిగతా సభ్యులు అతను అలా అన్నట్లు తమకు గుర్తు లేదన్నారు. రాజద్రోహానికి ఇద్దరు సాక్షులు ఉండాలి. ఇక్కడ వేన్ ఒక్కడే. రెండో సాక్షి కింద వేన్ రాసుకున్న కాగితం నకలునే పిమ్ చూపించాడు. దాన్ని వేన్ కొడుకు తండ్రి కాగితాల్లో చూసి అతనికి అందజేశాడు. ఒక మనిషినీ అతని కాగితాన్నీ కలిపి ఇద్దరిగా లెక్కపెట్టడం కుదరలేదు.

ఆగి చెప్పండి:
(ఉ) ‘ఈ రాజ్యం’ అన్న మాటకు ఇరుపక్షాలు చెప్పిన అర్థాలు రాయండి.
(ఊ) రెండో సాక్షి విషయంలో వచ్చిన ఇబ్బంది ఏమిటి?

7. దారి మార్చారు

విచారణలో గెలవలేమని తోచగానే కామన్స్ సభలో కొందరు వేరే దారి పట్టారు. అదే అటెయిండర్ బిల్లు. ఇది విచారణ కాదు, చట్టం. ఫలానా మనిషి దోషి, అతనికి మరణశిక్ష అని మామూలు బిల్లులాగే సభలు ఓటు వేసి ప్యాసు చేస్తాయి. రాజు సంతకం పెడితే చాలు. సాక్షుల లెక్కతో పని లేదు.

ఏప్రిల్ 21న బిల్లు కామన్స్‌లో 204 – 59 ఓట్లతో నెగ్గింది. చాలామంది సభ్యులు ఆ రోజు రానే లేదు. స్ట్రాఫర్డ్ మీద నేరం మోపినవాళ్లలో ఒకడైన జార్జ్ డిగ్బీ బిల్లును వ్యతిరేకించాడు. అతను స్ట్రాఫర్డ్‌ను దేశానికి ప్రమాదకారి అనే నమ్మాడు. అయినా ఆ సాక్ష్యంతో ప్రాణం తీయడానికి తన అంతరాత్మ ఒప్పుకోదన్నాడు. అటు బిల్లు తరఫున ప్రభువులకు చెప్పవచ్చిన ఆలివర్ సెయింట్ జాన్, కుందేళ్లకూ జింకలకూ అయితే వేట నియమాలు పాటిస్తాం గాని నక్కలనూ తోడేళ్లనూ కనిపించిన చోట కొట్టి చంపుతాం కదా అని వాదించాడు. ఈ ఇద్దరి మాటలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. నా మట్టుకు డిగ్బీ మాటే నిలుస్తుందనిపిస్తుంది. సెయింట్ జాన్ పోలిక వినడానికి బాగుంది. కాని తోడేలు ఎవరో తేల్చడానికే కదా విచారణ!

బిల్లుకు వ్యతిరేకంగా ఓటు వేసినవాళ్ల పేర్లు లండను వీధుల్లో అంటించారు. మే మొదటి వారంలో జనం గుంపులుగా వెస్ట్‌మినిస్టర్ చుట్టూ చేరి న్యాయం కావాలని కేకలు వేశారు. సైన్యాన్ని తెచ్చి స్ట్రాఫర్డ్‌ను విడిపించే కుట్ర ఉందన్న వార్త బయటపడింది. అది వట్టి పుకారు కాదు. చాలామంది ప్రభువులు సభకు రావడం మానేశారు. వచ్చినవాళ్లు మే 8న బిల్లు ప్యాసు చేశారు. ఈ బిల్లును చూపి న్యాయమూర్తులు ఇతర కేసుల్లో రాజద్రోహానికి కొత్త అర్థాలు చెప్పరాదని అందులోనే ఒక మాట రాశారు. చేసేవాళ్లకే చేస్తున్నది ఎంత సందేహంగా ఉండిందో ఈ ఒక్క మాట చెబుతుంది.

8. రాజు సంతకం

నీ ప్రాణానికీ గౌరవానికీ ఆస్తికీ ముప్పు రానివ్వనని చార్లెస్ ఏప్రిల్ 23న స్ట్రాఫర్డ్‌కు రాజుగా మాట ఇస్తూ ఉత్తరం రాశాడు. మే 4న స్ట్రాఫర్డ్ కారాగారం నుంచి జవాబు రాశాడు. తన వల్ల రాజ్యానికి కీడు రావద్దనీ, ఇచ్చిన మాట నుంచి రాజును విడుదల చేస్తున్నాననీ అన్నాడు.

రాజు బిషప్పులను పిలిచి అడిగాడు. అంతరాత్మకు విరుద్ధంగా చేయవద్దని జక్సన్ చెప్పాడు. రాజుకు సొంత అంతరాత్మ వేరు, రాజ్యానికి సంబంధించిన అంతరాత్మ వేరు అని విలియమ్స్ చెప్పాడు. బయట గుంపులు, లోపల రాణి, పిల్లలు. మే 10న చార్లెస్ ఒప్పుకున్నాడు. మరునాడు పదేళ్ల కొడుకు చేతికి ఉత్తరమిచ్చి, మరణశిక్షను యావజ్జీవ ఖైదుగా మార్చమని ప్రభువుల సభను వేడుకున్నాడు. చావు తప్పదంటే శనివారం దాకా గడువిస్తే దయ అని చివర ఒక మాట చేర్చాడు. అంత బతిమాలిన రాజు ఆ చివరి మాట ఎందుకు రాశాడో! ప్రభువులు ఏమీ మార్చలేదు.

మే 12 ఉదయం స్ట్రాఫర్డ్‌ను లండను కోట నుంచి పక్కనున్న టవర్ హిల్ గుట్టకు తీసుకువెళ్లారు. గుంపు మీద పడుతుందేమో, బండిలో వెళ్దామని కోట అధికారి అన్నాడు. అక్కరలేదని అతను నడిచే వెళ్లాడు. దారిలో మరో ఖైదీ గది కిటికీలో నుంచి మిత్రుడు లాడ్ చేయెత్తి దీవించి స్పృహ తప్పాడు. స్ట్రాఫర్డ్‌కు అప్పటికి 48 ఏళ్లు. ఆ రాత్రి లండనులో మంటలు వేసుకుని పండుగ చేసుకున్నారు.

అయిదు నెలలకే, అక్టోబరులో, ఐర్లండు తిరుగుబాటుతో భగ్గుమంది. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలయింది. లాడ్‌ను 1645లో ఇలాగే, విచారణలో తేలకపోతే సభల శాసనంతోనే, చంపారు. 1649 జనవరి 30న చార్లెస్ తల కూడా తెగింది. తాను అమలు కానిచ్చిన ఒక అన్యాయపు తీర్పుకు తనకు ఇప్పుడు శిక్ష పడుతున్నదని అతను వధ్యశిల ముందు అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. 1662లో పార్లమెంటు స్ట్రాఫర్డ్ మీది చట్టాన్ని కొట్టివేసింది.

మన దేశానికి సంబంధించిన రెండు ముక్కలు. అదే వెస్ట్‌మినిస్టర్ హాలులో 1788 నుంచి 1795 దాకా వారెన్ హేస్టింగ్స్ అభిశంసన విచారణ నడిచింది. అతను నిర్దోషిగా బయటపడ్డాడు. మన రాజ్యాంగంలో రాష్ట్రపతి అభిశంసన గురించి 61వ అధికరణం చెబుతుంది. పని చేసిన నాటికి అమలులో ఉన్న చట్టాన్ని మీరితే తప్ప ఎవరినీ దోషిగా నిర్ణయించరాదని 20వ అధికరణం చెబుతుంది. వీలైతే గ్రంథాలయంలో రాజ్యాంగం ప్రతి తీసి ఈ రెండూ చదవండి.

9. భాషాంశం: త్రికాలు

ఒక మనిషి ప్రాణం ‘ఈ’ అన్న చిన్న మాట మీద వేలాడింది కదా! తెలుగులో ఆ, ఈ, ఏ అనే మూడింటినీ త్రికాలు అంటారు. దూరంగా ఉన్నదానికి ‘ఆ’, దగ్గరున్నదానికి ‘ఈ’, తెలియనిదానికి ‘ఏ’. దగ్గర, దూరం అన్నవి మాట్లాడేవాడు ఉన్న చోటును బట్టే కాక, అప్పుడు నడుస్తున్న ప్రస్తావనను బట్టి కూడా మారతాయి. ఆ సంగతి ఈ పాఠంలోనే చూశారు.

త్రికం మీది సంయుక్తం కాని హల్లుకు బహుళంగా ద్విత్వం వస్తుంది. అలా వచ్చినప్పుడు త్రికంలోని దీర్ఘం హ్రస్వమవుతుంది. దీన్ని త్రిక సంధి అంటారు.

ఆ + కాలము = అక్కాలము
ఈ + కాలము = ఇక్కాలము
ఏ + విధము = ఎవ్విధము

కింది వాటిని విడదీయండి: అవ్విధము, అచ్చోట, ఎక్కాలము.

పాఠాంత ప్రశ్నలు

1. అభిశంసనకూ అటెయిండర్ బిల్లుకూ గల తేడాను పది వాక్యాల్లో రాయండి.
2. మౌంట్‌నారిస్‌ను స్ట్రాఫర్డ్ ఒక మాటకు శిక్షింపజేశాడు. స్ట్రాఫర్డ్‌ను పార్లమెంటు ఒక మాట మీద పట్టుకుంది. ఈ రెండింటిలో పోలికలు, తేడాలు చర్చించండి.
3. మీరు 1641 ఏప్రిల్ 21న కామన్స్ సభలో ఉన్నారనుకోండి. ఎటు ఓటు వేస్తారు? డిగ్బీ, సెయింట్ జాన్ వాదాలు రెండింటికీ జవాబు చెబుతూ ఒక పేజీ రాయండి.

జవాబులతో సరిచూసుకోండి

(అ) షరీఫు సభలో కూర్చోరాదు కనుక అతన్ని సభకు దూరం చేయడం. (ఆ) పన్నుకు పార్లమెంటు ఒప్పుదల కావాలి. నిర్బంధ రుణాన్ని రాజు ఆ ఒప్పుదల లేకుండా వసూలు చేశాడు. (ఇ) భూములు రాజువని చెప్పనందుకు భారీ జరిమానాలు వేశారు. (ఈ) మీ సొంత జవాబు. కారణం రాశారో లేదో చూసుకోండి. (ఉ) పిమ్ వర్గం: ఇంగ్లండు, స్ట్రాఫర్డ్: స్కాట్లండు. (ఊ) ఇద్దరు సాక్షులు కావాలి. వేన్, అతని కాగితం కలిపినా సాక్షి ఒక్కడే. సంధులు: ఆ + విధము, ఆ + చోట, ఏ + కాలము. పాఠాంత ప్రశ్నలకు రాసిన జవాబులను మీ అధ్యయన కేంద్రంలో అధ్యాపకులకు చూపండి.